ఇంటర్‌బెల్ల పిల్లలు ఎవరి కండ్ల ముందట ఉన్నరు?

క్లాసుల కూసున్నప్పుడు ముప్పై మంది పిల్లల మీద ఒక సారు కన్ను ఉంటది. ఇంటర్‌బెల్ కొట్టంగనే ఆ ముప్పై మంది ముప్పై దిక్కులకు ఉరుకుతరు. ఒకడు నల్లా కాడికి, ఇద్దరు బాత్రూంల ఎన్కకు, నలుగురు గేటు దాటి రోడ్డు అవతలి కిరాణం దుక్నానికి. పొద్దుందాక బడిల పిల్లలు ఎదురుజూసేది గా పది పదిహేను నిమిషాల కోసమే. పండ్లు ఇరుగుడు, కొట్లాటలు, కుక్క కరుసుడు, ట్రాక్టర్ కిందికి పోబోయి తప్పించుకునుడు గూడ గప్పుడే. ఏమన్న అయితే ఊరంత ఒకటే మాట: "సార్లు ఏం జేస్తున్నరు?"

అడగాల్సిన మాటనే. కానీ లెక్క తెలిసి అడగాలె. విద్యా హక్కు చట్టం 2009ల వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని ప్రకారం ప్రైమరీ బడిల 60 మంది పిల్లల దాక ఇద్దరే టీచర్లు. అండ్ల ఒకరు సెలవు వెట్టినా, ట్రైనింగ్‌కు పోయినా మిగిలేది ఒక్కరు. మధ్యాహ్నం అన్నాల టైంకు ఆ ఒక్కరే అన్నం రుచి జూడాలె, వడ్డించెటప్పుడు నిలవడాలె, ఎంతమంది తిన్నరో రాయాలె. బడి ఎన్క గోడ ఎక్కిన పోరన్ని ఎవరు జూస్తరు? మన పిలగాండ్లు కొందరు గేటు కాడ నిలవడి "సారు ఫోన్ల మునిగిండు" అని వీడియో తీసి గ్రూపుల వెడ్తరు. ఆ సారు ఫోన్ల పాటలు జూస్తుండా, హాజరు ఎక్కిస్తుండా అనేది వీడియోల కనవడది.

అట్లని సార్ల తప్పే లేదంటలేను. ఇద్దరు టీచర్లు ఉండి గూడ ఇద్దరూ వరండల ఒక్క కాడనే నిలవడి ముచ్చట వెడితే, రెండు జతల కండ్లు ఉండి గూడ ఒక్క జత కిందికే లెక్క. కాపలా అంటే కుర్సీ ఏసుకొని కూసునుడు గాదు. ఒకరు గేటు దిక్కు, ఒకరు నల్లా-బాత్రూంల దిక్కు, నడుసుకుంట చూడాలె. పిల్లలకు సారు ఎక్కడ నిలవడుతడో రెండు రోజుల్ల తెలిసిపోతది. ఆయనకు కనవడని మూల ఏదో గూడ గంతే తొందర తెలిసిపోతది. పెద్ద పిల్లలు చిన్న పిల్లల పైసలు గుంజుకునుడు, పేర్లు వెట్టి ఏడిపించుడు గా మూలకే నడుస్తది.

ఇంకో సంగతి: కాపలా బెల్లు కొట్టినంక మొదలైతే సాలది. 2025 జూలైల కేరళల, కొల్లం జిల్లా తేవలక్కరల ఒక బడిల ఏమైందో యాదికి తెచ్చుకోండ్రి. పిల్లలు ఆడుకుంటుంటే ఒక చెప్పు ఎగిరి సైకిళ్ల షెడ్డు రేకుల మీద వడ్డది. ఎనిమిదో తరగతి పిలగాడు దాన్ని తీస్తందుకు పైకి ఎక్కిండు. కాలు జారి పక్కనున్న కరెంటు తీగ వట్టుకుండు, పాణం పోయింది. చెప్పు ఎగురుడు ఏ బడిల జరగది? బంతి వడ్డా, చెప్పు వడ్డా పిల్లలు ఎక్కుతనే ఉంటరు. ఎక్కెటోన్ని ఆపుతందుకు రోజూ ఒక మనిషిని పెట్టలేం గానీ, షెడ్డు మీదికెళ్లి పోయిన తీగను ఒక్కసారి తీపియ్యచ్చు.

అందుకే మీ ఊరి బడిని ఒకసారి ఏడేండ్ల పోరని ఎత్తుల కెళ్లి చూడుండ్రి. సంపు మూతకు తాళం ఉన్నదా, రేకు ముక్క కప్పిన్రా? బోరు మోటరు స్టార్టర్ డబ్బ పిల్లల చెయ్యికి అందుతుందా? పెచ్చులూడే పాత రూముకు కంచె ఉన్నదా? పళ్లాలు కడిగే కాడ పాకురు ఎంత ఉన్నది? మిగిలిన అన్నం గోడ పక్కన పారబోస్తే కుక్కలు అక్కడనే మరుగుతయి. వానకాలం గడ్డి మోకాలెత్తు పెరిగితే పాములు. బాత్రూంకు తాళమేసి ఉంటే ఆడపిల్లలు చెట్లల్లకు పోతరు, అక్కడ వాళ్లను చూసేటోళ్లు ఎవరూ ఉండరు. వంటగది సంగతి వేరే చెప్పాల్నా? పొయ్యి మీదికెళ్లి దించిన సాంబారు గంజును పిల్లలు లైను గట్టే తొవ్వల వెట్టద్దు, గంతే. కరెంటు తీగలు కిందికి యాలాడితే 1912కు ఫోన్ జేసి ఫిర్యాదు నంబరు రాసుకోండ్రి.

కొన్నిటికి పైస ఖర్చు లేదు. ఒకటి, రెండు తరగతులను పది నిమిషాలు ముందు ఇడిస్తే నల్లా కాడ పెద్దోళ్ల తొక్కులాట తప్పుతది. లోపలికి వచ్చినంక తలలు లెక్కవెట్టుడుకు ఒక్క నిమిషం. అయిదో తరగతి పిల్లను లీడర్ జేసి "అందర్ని నువ్వే చూసుకో" అనుడు మాత్రం కాపలా గాదు. ఆమెకు పదేండ్లు, ఆమె గూడ ఆడుకోవాలె.

ఒక దెబ్బ తాకంగనే "ఇగ ఆటలు బంద్, క్లాసులనే కూసోండ్రి" అనే హెడ్‌మాస్టర్లు గూడ ఉన్నరు. తల్లిదండ్రులు లొల్లి వెడ్తరని వాళ్ల భయం. గది తప్పు తొవ్వ. మోకాలు గీక్కపోతే మానుతది. ఆట లేని బడిల పిల్లగాడు మధ్యాహ్నం సంది పాఠం ఇనడు. ఆపాల్సింది ఉరుకుడు గాదు, మూత లేని సంపు. బెత్తం వట్టుకొని తిరుగుడు గూడ కాపలా గాదు. పిల్లల్ని కొట్టుడు, మనసు నొచ్చుకునేటట్టు తిట్టుడు అదే చట్టం 17వ సెక్షన్ల నిషేధం.

మరి చేతులు సాలకపోతే ఎవరు రావాలె? అదే చట్టం ప్రకారం బడి కమిటీల నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలె, మొత్తంల సగం మంది ఆడోళ్లు ఉండాలె. తెలంగాణల 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయి, మహిళా సంఘాలోళ్లు అండ్ల ఉన్నరు. అన్నాల టైంకు వంతుల వారీగ ఇద్దరు తల్లులు, ఒకరు గేటు కాడ, ఒకరు నల్లా కాడ నిలవడేటట్టు తీర్మానం రాసుకోవచ్చు. తమ్ముండ్లు, "మేం జూస్కుంటం" అని మీరే గుంపుగ లోపలికి పోకుండ్రి. మీ మనసు మంచిదే కావచ్చు. కానీ ఎవరు వడితే వాళ్లు బడిల తిరిగితే, రేపు ఎవడు ఎందుకొచ్చిండో చెప్పలేం. హెడ్‌మాస్టర్ పర్మిషన్, కమిటీల పేరు, ఇవి ఉంటెనే. గడ్డి కోసుడు, సంపుకు మూత చేపిచ్చుడు, గేటు ముందట స్పీడ్ బ్రేకర్ కోసం పంచాయతిల అడుగుడు మీరు బడి బందున్న రోజు గూడ చెయ్యచ్చు.

జరిగినంక చేసేది గూడ తెలిసి ఉండాలె. కుక్క కరిస్తే కారం, పసర్లు వెట్టద్దు. సబ్బుతోని, నల్లా కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు దవాఖానల టీక ఏపియ్యాలె. పాము కరిస్తే కోసుడు, గట్టిగ తాడు కట్టుడు వద్దు. పిల్లను నడవనియ్యకుండ, కరిసిన కాలు కదలనియ్యకుండ 108ల ఎక్కించాలె, మంత్రం కాడికి గాదు. తలకు దెబ్బ తాకితే ఎంబడే ఏం కనవడకపోవచ్చు. అందుకే చిన్నదైనా సరే, ఇంటికి కబురు పోవాలె. తల్లి పత్తి చేన్ల ఉంటే ఆమె ఫోన్ కలవదు, పక్కింటోళ్ల నంబరు గూడ బడి రిజిస్టర్ల ఉండాలె. పొద్దూకి పిల్ల రెండుసార్లు కక్కి మత్తుగ పండుకుంటే ఎండదెబ్బ అనుకోకుండ దవాఖానకు ఉరకాలంటే, పగటీలి ఇంటర్‌బెల్ల తలకు తాకిన ముచ్చట ఆ తల్లికి ముందుగాల ఎవరో ఒకరు చెప్పి ఉండాలె గదా.