మూత్రమున రక్తము – ఉపేక్షింపరాని గుఱుతు

మూత్ర మెఱ్ఱగా వచ్చినప్పుడు మన యిండ్లలో మొదట వినవచ్చు మాట “వేఁడి చేసినది” యనియే. బార్లిజావయు మజ్జిగయుఁ ద్రాగి యూరకుందుము. ముట్టుడిగినవారు సైత మది బహిష్టు రక్తమే కాఁబోలునని సరిపెట్టుకొందురు. మూత్రమంటవలనను రాళ్లవలనను రక్తము వచ్చుట కలదు. కాని నొప్పిలేక వచ్చి, రెండు దినములలోఁ దనంతట నిలిచిపోవు రక్తమునుగుఱించియే మేమిచ్చట హెచ్చరింపఁ దలఁచితిమి. రక్తము నిలిచినంతమాత్రమున రోగము నిలిచినట్లు కాదు.

మూత్రపిండములు రక్తమును వడగట్టఁగా వచ్చిన మూత్రము, వాని నడుమ నున్న గరాటివంటి తిత్తిలోఁ జేరి, నాళముగుండ మూత్రాశయమునకు దిగును. రాచపుండనెడు కేన్సరు ఈ మార్గమున రెండు విధములఁ గలుగును. మూత్రపిండపు కండలోఁ బుట్టిన గడ్డ పెరిగి తిత్తిలోనికిఁ జొచ్చుట యొకటి. తిత్తికిని నాళమునకును గల లోపలి పొరయందే పుట్టుట రెండవది. రెంటికిని గుఱుతు రక్తమే. చికిత్సలు మాత్రము వేఱు. కావున నేది యేదో ముందే తేల్చుకొనవలయును.

అందులకై వైద్యులు మూత్రమున రాలిన కణములను సూక్ష్మదర్శినితోఁ జూతురు. అల్ట్రాసౌండు పరీక్షయు, సిరలోనికి మందెక్కించి తీయు సి.టి. చిత్రమును గడ్డ యునికిని దెలుపును. మత్తుగాని మొద్దుబాఱు మందుగాని యిచ్చి, సన్నని దర్శినిని మూత్రద్వారమున లోనికిఁ బంపి మూత్రాశయమును, అవసరమైనచో నాళమును జూచి, చిన్న తునక తీసి పరీక్షింతురు. సిగ్గుచే దీనిని మానరాదు.

కండలోని గడ్డ చిన్నదైనచో దానిని మాత్రమే కోసివేయవచ్చును. తిత్తిలోనికిఁ జొచ్చినచోఁ దఱచుగా మూత్రపిండము నంతయుఁ దీసివేయుదురు. పొరయందుఁ బుట్టినది తీవ్రమైనచో, మూత్రపిండముతోపాటు నాళము నంతయు, అది మూత్రాశయమును జేరుచోటి యంచుతోసహా తీయుదురు. అట్టి పొరయే మూత్రాశయమునందును గలదు గనుక, పిదప సంవత్సరములకొలఁది దర్శినితోఁ బరీక్ష చేయించుకొనుచుండవలయును. వ్యాధి దూరమునకు వ్యాపించినవారికి, దేహముయొక్క రక్షణశక్తిని మేల్కొల్పు మందులును నేఁడు గలవు.

“ఒక్క మూత్రపిండముతో బ్రదుకుట యెట్లు?” అని కొందఱు భయపడుదురు. 1869వ సంవత్సరమున జర్మనీదేశపు హైడెల్బర్గు నగరమందు గుస్తావ్ సైమను అను వైద్యుఁడు, నాళము చెడిన యొక స్త్రీకి మూత్రపిండమొకటి తీసివేసెను, ఆమె స్వస్థురాలయ్యెను. రెండవది యారోగ్యముగా నున్నచో నొక్కటియే చాలును.

పొగాకు ఈ రెండు కేన్సరులకును హేతువులలో నొకటి. కావున నింటఁ జుట్టయు బీడీయు మాన్పింపుఁడు. ఇంటిల్లిపాది జబ్బులను గనిపెట్టు గృహిణి తన జబ్బును దాఁచుకొనరాదు. రక్త మొక్కసారి కనఁబడినను, జాగు సేయక వైద్యునికడకుఁ బోవలయునని మా మనవి.