నిఘా కన్ను వెనుక కూర్చునేది రేపు మీరే కావచ్చు!

న్యూయార్క్ వీధి. జనం హడావిడిగా నడిచిపోతుంటారు. స్తంభం మీదున్న సీసీ కెమెరా కంటితో మనం వాళ్లను చూస్తుంటాం. ఒక్కొక్కరి తల చుట్టూ తెల్ల గీతలతో ఓ చతురస్రం. ఉన్నట్టుండి ఒకరి దగ్గర అది ఎర్రగా మారుతుంది. అంతే... అర్ధరాత్రి దాటినా ‘ఇంకొక్క ఎపిసోడ్’ అనుకుంటూ కూర్చుండిపోతాం!

‘పర్సన్ ఆఫ్ ఇంట్రెస్ట్’ సిరీస్ చూసినవాళ్లకు ఈ దృశ్యం బాగా పరిచయం. క్రైమ్ సిరీస్‌లంటే కాలక్షేపమే అనుకుంటాం. కానీ బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, డేటా సైన్స్ నేర్చుకుంటున్నవాళ్లు, లా చదువుతున్నవాళ్లు వీటిని ఇంకో కోణంలోనూ చూడాలి. ఆ ఎర్ర చతురస్రం దానంతటదే రాదు. దాని వెనకాల కోడ్ ఎవరో రాయాలి. ఆ ‘ఎవరో’ రేపు మీరే కావచ్చు. అందుకే ఈ కథలు ఏం చెబుతున్నాయో, ఏం దాస్తున్నాయో ఓసారి చూద్దాం.

ఒక్క డాలరుకు అమ్మిన యంత్రం

‘పర్సన్ ఆఫ్ ఇంట్రెస్ట్’ 2011 సెప్టెంబరులో అమెరికాలోని సీబీఎస్ చానెల్‌లో మొదలైంది. అయిదు సీజన్లు, 103 ఎపిసోడ్లు నడిచి 2016 జూన్‌లో ముగిసింది. సృష్టికర్త జొనాథన్ నోలన్. కథలో హెరాల్డ్ ఫించ్ అనే బిలియనీర్ ప్రోగ్రామర్ ఉంటాడు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ప్రభుత్వం కోసం ఓ యంత్రాన్ని తయారుచేస్తాడు. కెమెరాలు, ఫోన్ కాల్స్, మెయిల్స్ అన్నీ జల్లెడ పట్టి, జరగబోయే ఉగ్రదాడిని ముందే పసిగట్టడం దాని పని. దాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది ఒక్క డాలరుకే!

ఇక్కడే అసలు సంగతి ఉంది. తాను చేసిన యంత్రమంటే ఫించ్‌కే భయం. అందుకే దానికి కళ్లెం వేస్తాడు. అది ఎవరి వివరాలూ బయటపెట్టదు, ఒక్క నంబరు మాత్రమే ఇస్తుంది. ఆ నంబరు హంతకుడిదా, బాధితుడిదా అన్నది కూడా చెప్పదు. మనుషులే వెళ్లి తేల్చుకోవాలి. పైగా ప్రతి అర్ధరాత్రీ దాని జ్ఞాపకాలు చెరిగిపోయేలా ఏర్పాటు చేస్తాడు. తర్వాతి సీజన్లలో ‘సమారిటన్’ అనే పోటీ యంత్రం వస్తుంది. దానికి ఏ కళ్లెమూ ఉండదు. నడిపేవాళ్లు ఎవరి గురించి అడిగినా చెబుతుంది.

ఈ రెండు యంత్రాల తేడాను కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. రెండూ చూసేది అవే కెమెరాలు, వినేది అవే ఫోన్లు. తేడా అంతా డిజైన్‌లోనే. ఎంత సమాచారం బయటికి ఇవ్వాలి, ఎన్నాళ్లు దాచాలి, ఎవరికి తాళంచెవి ఇవ్వాలి... ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఇంజినీర్ టేబుల్ మీదే మొదలవుతుంది.

దేవుడి పాత్రలో బిలియనీర్

షెర్లాక్ హోమ్స్‌ను నేటి న్యూయార్క్‌కు తెచ్చిన ‘ఎలిమెంటరీ’ సిరీస్ చివరి సీజన్ 2019లో వచ్చింది. అందులో విలన్ ఓడిన్ రైకెన్‌బాక్ అనే టెక్ దిగ్గజం. తన కంపెనీ సేవలు వాడేవాళ్ల డేటాను జల్లెడ పట్టి, ఎవరు నేరం చేయబోతున్నారో ముందే కనిపెడతానంటాడు. అలాంటివాళ్లను తన మనుషులతో చంపిస్తాడు. తన దృష్టిలో అది నేరం కాదు, ప్రాణాలు కాపాడటం! హోమ్స్ మూల కథల్లో ఆయన బద్ధశత్రువు మోరియార్టీతో తలపడిన జలపాతం పేరే రైకెన్‌బాక్. ఆ పేరు పెట్టారంటేనే తెలుస్తోంది కదా, రచయితలు ఈ కాలపు మోరియార్టీని ఎక్కడ వెతికారో!

రైకెన్‌బాక్ నోట రచయితలు పెట్టిన వాదన మాత్రం కొట్టిపారేసేది కాదు. ముందే తెలిసీ చేతులు కట్టుకుని కూర్చుంటే తప్పు కాదా అని అడుగుతాడు. క్లాసులో చర్చ పెడితే సగం మంది అటువైపే ఉంటారు. మరి తప్పెక్కడ? ఆయనే ఫిర్యాదుదారు, ఆయనే పోలీసు, ఆయనే జడ్జి. పొరపాటు జరిగితే అప్పీలుకు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

అదే ఏడాది బీబీసీలో వచ్చిన ‘ద క్యాప్చర్’ ఇంకో అడుగు ముందుకేసింది. లండన్‌లో ఓ సైనికుడు ఒక మహిళా న్యాయవాదిపై దాడి చేసినట్టు సీసీటీవీలో స్పష్టంగా కనిపిస్తుంది. తానా పని చేయలేదంటాడు. దర్యాప్తు చేస్తున్న అధికారిణికి చివరికి తెలిసేదేమిటంటే, ఆ వీడియోనే మార్చేశారని! నిఘా సంస్థలు దానికి పెట్టుకున్న ముద్దుపేరు ‘కరెక్షన్’. దిద్దుబాటు అన్నమాట. కళ్లారా చూసిందే సాక్ష్యమనే నమ్మకాన్ని ఆ సిరీస్ కదిలించేసింది.

తెర దాచే మూడు నిజాలు

మొదటిది, యంత్రాలు పొరబడతాయి. సిరీస్‌లో యంత్రం నంబరు ఇచ్చిందంటే ఏదో ఒకటి జరిగి తీరుతుంది. నిజంలో అలా కాదు. చిన్న లెక్క చేద్దాం. కోటి జనాభా ఉన్న నగరం అనుకోండి. నిజంగా ప్రమాదకరమైనవాళ్లు 100 మంది. మన యంత్రం 99 శాతం కచ్చితమైనది. 100 మందిలో 99 మందిని పట్టేస్తుంది, భేష్! కానీ మిగతా జనంలో ఒక్క శాతం మందిని తప్పుగా అనుమానిస్తుంది. అంటే దాదాపు లక్ష మంది అమాయకులు. యంత్రం వేలు చూపిన ప్రతి వెయ్యి మందిలో అసలు దోషి ఒక్కరే! ఇంటర్‌లో చదివిన బేయీస్ సిద్ధాంతం గుర్తుందా? ఇది అదే. పరీక్షలో కొన్ని మార్కుల ప్రశ్న, బయట లక్ష మంది జీవితాలు.

ఇది లెక్కల్లోనే జరిగేది కాదు. అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు 2020 జనవరిలో ఓ నల్లజాతి వ్యక్తిని భార్యాపిల్లల కళ్ల ముందే అరెస్టు చేశారు. మసక సీసీటీవీ చిత్రానికి ఆయన డ్రైవింగ్ లైసెన్స్ ఫొటో సరిపోయిందని సాఫ్ట్‌వేర్ చెప్పడమే అందుకు మూలం. ఆయన ఆ వాచీల దొంగ కాదు. 2024లో కుదిరిన రాజీలో, సాఫ్ట్‌వేర్ పోలికలను మాత్రమే నమ్మి ఎవరినీ అరెస్టు చేయబోమని డెట్రాయిట్ పోలీసులు ఒప్పుకున్నారు. నేరం ఎక్కడ జరుగుతుందో ముందే చెప్పే ‘ప్రెడ్‌పోల్’ వాడకాన్ని లాస్ ఏంజెలెస్ పోలీసులు 2020లోనే ఆపేశారు.

రెండోది, ఒంటరి మేధావి అన్నది కట్టుకథ. సిరీస్‌లో ఫించ్ ఒక్కడే కూర్చుని అంత పెద్ద యంత్రాన్ని తయారుచేసేస్తాడు. నిజంలో ఇలాంటి వ్యవస్థల వెనక వేల మంది జీతగాళ్లుంటారు. ఫొటోలకు లేబుళ్లు పెట్టేవాళ్లు, టెస్టింగ్ చేసేవాళ్లు, సర్వర్లు చూసుకునేవాళ్లు. ‘పర్సన్ ఆఫ్ ఇంట్రెస్ట్’ మొదలైన రెండేళ్లకు, 2013 జూన్‌లో, అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ కోట్ల మంది ఫోన్ రికార్డులు సేకరిస్తోందని ప్రపంచానికి తెలిసింది. చెప్పింది బిలియనీరో డిటెక్టివో కాదు. ఎడ్వర్డ్ స్నోడెన్, 29 ఏళ్ల కాంట్రాక్టు ఉద్యోగి! ఆయన చేసింది ఒప్పా తప్పా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. కానీ వ్యవస్థ లోపల ఉన్న మామూలు ఉద్యోగికి ఎంత తెలుస్తుందో మాత్రం అందరికీ అర్థమైంది.

2018లో గూగుల్‌లో మూడు వేల మందికి పైగా ఉద్యోగులు ఓ ఉత్తరం మీద సంతకాలు చేశారు. డ్రోన్ వీడియోలను విశ్లేషించే అమెరికా సైన్యం ప్రాజెక్టు తమకొద్దన్నారు. ఆ కాంట్రాక్టును పొడిగించబోమని కంపెనీ ప్రకటించింది. ఆయుధాలకు, కట్టుతప్పిన నిఘాకు తన ఏఐని వాడనంటూ సూత్రాలూ రాసుకుంది. 2025లో ఆ హామీని తీసేసింది. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? ఉద్యోగుల మాటకు బలం ఉంది. కానీ కంపెనీ ఇచ్చే మాట చట్టం కాదు.

మూడోది, తెర మీద చట్టం కనిపించదు. మంచి బిలియనీర్ గెలిస్తే హమ్మయ్య అనుకుంటాం, చెడ్డ బిలియనీర్ గెలిస్తే అయ్యో అనుకుంటాం. ఇద్దరినీ అడిగేవాళ్లు ఎవరన్న ప్రశ్నే రాదు. తాళం మంచివాడి చేతిలో ఉందా చెడ్డవాడి చేతిలో ఉందా అన్నది కథకు సరిపోతుంది. సమాజానికి మాత్రం ఆ తాళం వాడకానికి లెక్క చెప్పే పద్ధతి కావాలి.

మన వీధిలోనూ ఉంది కథ

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టులో ప్రారంభమైంది. నగరంలోని కెమెరాల దృశ్యాలను ఒక్కచోట నుంచి చూసే ఏర్పాటు అక్కడుంది. తప్పిపోయిన పిల్లల్ని వెతకడానికి, నేరస్థుల్ని పట్టుకోవడానికి కెమెరాలు పనికొస్తాయన్నది నిజమే. అలాగే, ముఖాలను గుర్తించే సాంకేతికతను ఏ చట్టం ప్రకారం వాడుతున్నారని ప్రశ్నిస్తూ ఓ సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థలకు రూ.250 కోట్ల వరకూ జరిమానా పడొచ్చు. అయితే ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉండటంపై విమర్శలున్నాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఈ తేదీలను, తీర్పును నోట్స్‌లో రాసుకోండి.

కొలువులు ఎటువైపు?

నిఘా చుట్టూ ఉన్న ఉద్యోగాలంటే కెమెరాల ముందు కూర్చోవడమే కాదు. కళ్లెం వేసే పనులూ ఉన్నాయి.

* ప్రైవసీ ఇంజినీర్: అవసరమైనంత డేటానే తీసుకునేలా, గడువు తీరాక చెరిగిపోయేలా సాఫ్ట్‌వేర్‌ను డిజైన్ చేస్తారు. ఫించ్ చేసింది ఇదే! కోడింగ్‌తో పాటు ఎన్‌క్రిప్షన్, డేటాబేస్‌లపై పట్టు ఉండాలి.

* డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్: 2023 చట్టం ప్రకారం ‘ముఖ్యమైన’ డేటా సంస్థలుగా కేంద్రం ప్రకటించినవి ఈ అధికారిని నియమించుకోవాలి, ఆ వ్యక్తి భారత్‌లోనే ఉండాలి. లా, టెక్నాలజీ రెండూ తెలిసినవాళ్లకు మంచి అవకాశం. నాస్కామ్ నెలకొల్పిన డీఎస్‌సీఐ ఈ రంగంలో సర్టిఫికెట్ కోర్సు నిర్వహిస్తోంది.

* డిజిటల్ ఫోరెన్సిక్ నిపుణులు: వీడియో అసలుదా, మార్చిందా తేల్చేవాళ్లు. ‘ద క్యాప్చర్’ చూశాక ఈ పని విలువ వేరే చెప్పక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు సర్టిఫికెట్ కావాలంటోంది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో పీజీ కోర్సులున్నాయి.

ఇంటర్వ్యూలో మీరూ అడగండి

ఇంటర్వ్యూ చివర్లో ‘ఏమైనా అడగాలా?’ అంటే చాలామంది ‘ఏం లేదండీ’ అనేస్తారు. డేటాతో పనిచేసే కంపెనీ అయితే ఈ నాలుగూ అడిగి చూడండి: ఈ డేటా ఎవరిది, వాళ్ల అనుమతి ఉందా? ఎన్నాళ్లు దాచుతారు? సాఫ్ట్‌వేర్ పొరబడితే నష్టపోయినవాళ్లు ఎవరికి చెప్పుకోవాలి? బయటివాళ్లెవరైనా తనిఖీ చేస్తారా? మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు. పని మీద శ్రద్ధ ఉన్నవాళ్లని గుర్తిస్తారు కూడా. జవాబు చెప్పకుండా మాట దాటేశారంటే, అదీ ఒక జవాబే.

ఇంటి పరిస్థితి, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ... అన్నీ చూసుకుని వచ్చిన ఉద్యోగంలో చేరాల్సి రావొచ్చు. అందులో తప్పేం లేదు. లోపలికి వెళ్లాక కూడా చేయగలిగింది ఉంటుంది. టెస్టింగ్‌లో ఏయే రంగుల, ఏయే వయసుల ముఖాల దగ్గర సాఫ్ట్‌వేర్ తడబడుతోందో రిపోర్టులో స్పష్టంగా రాయండి. డెలివరీ తేదీ దగ్గరపడిందని ఆ పేరా తీసెయ్యకండి. డెట్రాయిట్‌లాంటి అరెస్టును ఆపగలిగేది అలాంటి ఒక్క పేరానే కావచ్చు.

ఈసారి తెర మీద ఆ ఎర్ర చతురస్రం వెలిగినప్పుడు హీరో వైపు కాసేపు చూడకండి. దాని లోపల నిలబడ్డ మనిషి వైపు చూడండి. ఆ మనిషికి యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియదు. మీకు తెలుసు.