కొండదారిలో సైన్సు మాటలు

అవక్షేప శిల అంటే ఏమిటని తిరుపతిలో ఏ హైస్కూలు పిల్లవాణ్ణి అడిగినా నిర్వచనం గడగడా అప్పజెబుతాడు. వాడు తిరుమల కొండకు ఎన్నోసార్లు పోయి ఉంటాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు కిటికీ పక్కనే ఆ పాఠమంతా ఉందని వాడికి ఎవరైనా చూపించారా? వేర్వేరు పుస్తకాల్లో చదివే మాటలు ఈ కొండ మీద ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మన బడుల్లో సైన్సు ఇక్కణ్ణుంచే మొదలవ్వాలని నా గట్టి నమ్మకం.

కొండ అడుగున ఉన్నది గ్రానైటు. భూమి లోపల కరిగిన శిలాద్రవం మెల్లగా చల్లారి గట్టిపడింది కాబట్టి అగ్నిశిల. దాని పైన నిట్టనిలువుగా, పొరలు పొరలుగా కనబడేది క్వార్ట్జైటు. ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న ఇసుక అది. రేణువుల మధ్య సిలికా చేరి రాయిగా బిగిసింది. రసాయనశాస్త్రంలో సిలికాన్ డయాక్సైడ్ అని చదివేది దీన్నే. స్వర్ణముఖి నది ఇసుకలో మెరిసేదీ అదే. భూవిజ్ఞానులు ఈ రాతికి మన నగరి పేరే పెట్టి నగరి క్వార్ట్జైటు అన్నారు.

రెండు రాళ్లూ ఆనుకునే ఉన్నాయి. కానీ వాటి వయసుల మధ్య ఎడం సుమారు 80 కోట్ల సంవత్సరాలు, అంటే భూమి వయసులో ఆరో వంతు! గ్రానైటు పైకి లేచి, ఎండకూ వానకూ అరిగి చదునయ్యాక గానీ దాని మీద ఇసుక పేరుకోలేదు. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అనే ఈ సంధిని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. ఇంత అపురూపమైన చోటు పక్కగా రోజూ వేలమంది పోతుంటారు.

పరీక్షల్లో పిల్లలు తారుమారు చేసే జంట ఒకటుంది. రాయి ఉన్నచోటే పగిలి పొడి కావడం శైథిల్యం. ఆ పొడిని నీరో గాలో మోసుకుపోవడం క్రమక్షయం. శ్రీవారి ఆలయానికి కొద్ది దూరంలో ఉన్న శిలాతోరణం దగ్గర నిలబడితే ఈ తేడా మళ్లీ మరిచిపోరు. మెత్తటి భాగం పొడై కొట్టుకుపోగా, గట్టి భాగం దాదాపు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున తోరణమై నిలిచింది.

ఈ రాతినేల మీదే ఎర్రచందనం పెరుగుతుంది. సైకస్ బెడ్డోమి అనే మొక్కదీ ఈ కొండలే. అది వివృతబీజం, విత్తనాన్ని కాయలో దాచుకోదు. ఎర్రచందనం ఆవృతబీజం, దాని విత్తనం కాయలోనే ఉంటుంది. తూర్పు కనుమల దక్షిణ భాగం దాటితే రెండూ సహజంగా పెరగవు గనుక వాటిని ఎండమిక్ జాతులంటారు.

ఎత్తు పెరిగేకొద్దీ, ప్రతి 165 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చల్లబడుతుందని భూగోళ పాఠం. తిరుపతి కన్నా తిరుమల దాదాపు 700 మీటర్లు ఎత్తు. పైన నాలుగు డిగ్రీలు తక్కువెందుకో ఇప్పుడు లెక్క కుదిరింది.

ఇంకా పైకి చూడాలంటే పాకాల మండలం గాదంకికి పోవాలి. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1024 యాగి యాంటెన్నాలతో పెద్ద రాడార్ ఉంది. దాని పౌనఃపున్యం 53 మెగాహెర్ట్జ్. ఆకాశంలోకి పంపిన రేడియో తరంగాల్లో చాలా చిన్న భాగం గాలి సుడుల వల్ల పరిక్షేపణం చెంది తిరిగొస్తుంది. దాన్ని బట్టి పైగాలుల వేగం తెలుస్తుంది. కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం: సుమారు 5.66 మీటర్లు. యాగి యాంటెన్నా కడ్డీలు అందులో సగానికి అటూఇటూగా ఉంటాయి. తొమ్మిదో తరగతి పిల్లలు కాగితం మీద ఆ పొడవు కట్టేసి, ఆ తర్వాత గాదంకి పోయి చూడవచ్చు.