మగ్గిన ఆపిల్ ముక్కలు: సన్నసెగ చేయు పని

వంటకు నిప్పు ఒక్కటియే యైనను సెగలు పలు విధములు. దోసె కాలుటకు ఒక సెగ, అన్నము ఉడుకుటకు ఒక సెగ, పాలు కాగుటకు వేరొక సెగ కావలెను. ఏ పదార్థమునకు ఎంత సెగ, ఎంత కాలము అని యెఱుగుటయే వంటలో మొదటి పాఠము. నేడు కొన్ని యిండ్లలోనికి వచ్చిన స్లో కుక్కరు అను విద్యుత్ పాత్ర ఈ పాఠమును చక్కగా బోధించును. అందులో దాల్చినచెక్క, లవంగములు చేర్చి ఆపిల్ ముక్కలను వండు విధానమును, ఆ పనిలోని కారణములను మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఈ వ్యాసమున తెలుపదలచితిమి.

ఈ వంటకము అమెరికా దేశపుది. అచట సెప్టెంబరు, అక్టోబరు మాసములలో ఆపిల్ తోటలు కోతకు వచ్చును. అప్పుడు ఆ ముక్కలను చక్కెరతోను దాల్చినచెక్కతోను వండి, భోజనమున నంజుకొందురు. ఉదయము ఓట్సు జావలోను, రాత్రి ఐస్‌క్రీముపైనను వేసికొందురు. పెన్సిల్వేనియా రాష్ట్రమున స్థిరపడిన జర్మను భాషీయులు ఆపిల్ రసమును, ముక్కలను పెద్ద రాగి కాగులలో ఆరుబయట రోజంతయు కాచి, ఆపిల్ బటర్ అను చిక్కని లేహ్యమును చేయుదురు. పేరున వెన్న యున్నను అందు వెన్న యుండదు. అడుగంటకుండ పొడవైన కఱ్ఱ తెడ్లతో ఒకరి తరువాత ఒకరు కలుపుచునే యుండవలెను. ఇంత శ్రమను తగ్గించినది స్లో కుక్కరు.

దీని పుట్టుక వినదగినది. యూదులు శుక్రవారము ప్రొద్దు గ్రుంకినది మొదలు శనివారము రాత్రి వరకు విశ్రాంతి దినము పాటింతురు. ఆ కాలమున వంట చేయరాదు. అందుచే చిక్కుడు గింజలు, మాంసము మొదలగువానిని కుండలో నుంచి, శుక్రవారము సాయంకాలమే రొట్టెల పొయ్యిలో పెట్టుదురు. పొయ్యిలో మిగిలిన వేడికి ఆ కుండ రాత్రియంతయు మెల్లగా ఉడుకును. లిథువేనియా దేశమున తాను ఎఱిగిన ఈ పద్ధతిని ఒక తల్లి తన కుమారునకు చెప్పెను. ఆ కుమారుడు షికాగో నగరవాసియైన ఇర్వింగ్ నాక్సన్. ఆయన విద్యుత్తుతో అట్టి సెగనిచ్చు పాత్రను రూపొందించి, 1936లో పేటెంటునకు దరఖాస్తు చేసి, 1940లో దానిని పొందెను. 1970లో రైవల్ అను సంస్థ ఆయన వ్యాపారమును కొని, 1971లో ఆ పాత్రను క్రాక్‌పాట్ అను పేరుతో విపణిలోనికి తెచ్చెను. తల్లి మాటలలో విన్న వంటయే కుమారుని చేతిలో యంత్రమైనది.

ఈ యంత్రము నిర్మాణము సులభమైనది. లోపల దళసరియైన పింగాణి కుండ, దాని చుట్టును లోహపు తొడుగు, ఆ రెంటి నడుమ వేడెక్కు తీగలు, పైన గాజు మూత యుండును. మంట అడుగున మాత్రమే తగులక, ప్రక్కల నుండి సమముగా సెగ తగులును. అందుచే కలుపకున్నను అడుగంటుట అరుదు. మన తెలుగు పల్లెలలో పిడకలు పేర్చిన దాలిపై పాలకుండ నుంచి, నివురు గప్పిన నిప్పున గంటల తరబడి కాచెడి వాడుక కలదు. ఆ పాలు పొంగవు. లేత యెఱుపు దేఱి, దళసరి మీగడ కట్టును. స్లో కుక్కరు చేయు పనియు అట్టిదియే. దీనిని సన్నసెగ కుండ యని పిలిచిన తప్పు లేదు.

ఇక వంటకమునకు కావలసినవి: ఆపిల్ పండ్లు ఒక కిలో, తురిమిన బెల్లము 75 గ్రాములు, రెండంగుళముల దాల్చినచెక్క ముక్కలు రెండు, లవంగములు నాలుగు, జాజికాయ పొడి చిటికెడు, ఉప్పు చిటికెడు, నిమ్మకాయ ఒక చెక్క, నెయ్యి ఒక చెంచా, నీరు పావు గ్లాసు.

పండ్లను కడిగి, గింజల భాగమును తీసివేసి, వ్రేలి మందమున ముక్కలు కోయవలెను. వెంటనే నిమ్మరసము పట్టించవలెను. కుండలో ముక్కలు వేసి, పైని బెల్లము, దినుసులు, నెయ్యి, నీరు చేర్చి ఒక్కమాఱు కలిపి మూత పెట్టవలెను. తక్కువ సెగపై మూడున్నర మొదలు నాలుగు గంటలు, ఎక్కువ సెగపై సుమారు రెండు గంటలు పట్టును. ముక్క మెత్తబడి, చెంచాతో నొక్కిన విరుగవలెను. రసము పలుచగా నున్నచో చివరి అరగంట మూత తీసిన ఇగురును.

ఒక్కొక్క పనికి కారణము కలదు. కోసిన ఆపిల్ గాలి తగులగానే గోధుమ వన్నెకు మాఱును. పండులోని ఒక ఎంజైము గాలిలోని ఆక్సిజనుతో కలిసి చేయు మార్పు అది. నిమ్మపులుసు ఆ ఎంజైమును అణచును. నీరు కొంచెమే చాలుననుటకు కారణము, ఆపిల్‌లో నూటికి 85 వంతుల వఱకు నీరే యుండుట. పండు పరిమాణమున సుమారు నాల్గవ వంతు గాలి. అందుచేతనే ఆపిల్ నీటిలో తేలును, వండినపుడు కుంగును. కావున కుండ నిండుగా నున్నదని జంకనక్కఱలేదు.

పండు కణముల గోడలను అంటించి యుంచు జిగురు వంటి పదార్థము పెక్టిన్. వేడికి అది కరగగా ముక్క మెత్తబడును. వేడి మెల్లగా పెఱిగినచో, 55 మొదలు 60 సెంటిగ్రేడు డిగ్రీల నడుమ వేఱొక ఎంజైము ఆ పెక్టిన్‌ను కొంత గట్టిపఱచును. సన్నసెగపై ముక్క మెత్తబడియు రూపు చెడకుండుటకు ఇదియొక కారణము. పులుపు గల గట్టి పండ్లు రూపు నిలుపుకొనును. రెడ్ డెలిషస్ వంటి తీపి పండ్లు త్వరగా గుజ్జగును. సామ్యుయల్ స్టోక్స్ అను అమెరికా దేశీయుడు 1916 ప్రాంతమున హిమాచల పర్వతములలోని కోట్‌గఢ్‌లో నాటించి ప్రచారము చేసిన జాతి ఈ రెడ్ డెలిషసే. మన అంగళ్లలో తఱచుగా దొరకునది యిదియే గనుక, దానికి అరగంట తక్కువ కాలము చాలును.

దాల్చినచెక్క, లవంగముల సువాసన వాటి తైలములది. ఆవిరితో ఎగిరిపోవు ఆ తైలములు మూతకు తగిలి, చెమ్మతో మరల కుండలోనికే జాఱును. మూత తెఱచిన ప్రతిసారియు వాసనయు వేడియు రెండును పోవును. వంట పదునైదు, ఇరువది నిమిషములు వెనుకబడును. లవంగములు నాలుగింటికి మించిన చేదెక్కును.

ఖర్చు మాట. 200 వాట్ల పాత్ర ఎడతెగక నాలుగు గంటలు పనిచేసినను 800 వాట్ గంటలు, అనగా యూనిట్‌లో పదింట ఎనిమిది వంతులు మాత్రమే యగును. యంత్రము లేనివారు విచారింప నక్కఱలేదు. దళసరి గిన్నెలో నీరు మఱికొంచెము పోసి, మూతపెట్టి, పొయ్యిని బాగుగా తగ్గించి ముప్పావుగంట లోపల చేసికొనవచ్చును. నడుమ రెండు మూడు మాఱులు కలుపవలెను.

తలిదండ్రులకు ఒక్క హెచ్చరిక. ఆపిల్‌కు మేలు చేయు సన్నసెగ అన్నింటికిని మేలు చేయదు. ఎఱ్ఱ రాజ్మా గింజలలో ఒక విషపదార్థము కలదు. చక్కగా మరిగిననే అది నశించును. పచ్చి గింజలను స్లో కుక్కరులో వేసినచో, అవి మెత్తబడినట్లు కనబడినను విషము పోక, వాంతులు, విరేచనములు కలుగును. కావున రాజ్మాను ఐదు గంటలకు తక్కువ కాకుండ నానబెట్టి, ఆ నీరు పాఱబోసి, క్రొత్త నీటిలో పొయ్యిపై అరగంట కుతకుత మరిగించిన పిదపనే ఈ కుండలో వేయవలెను. వేడి పింగాణి కుండపై చన్నీరు పోసిన పగులును. మిగిలిన ఆపిల్‌ను కుండలోనే విడువక, చల్లార్చి, శీతల యంత్రమున పెట్టి మూడు నాలుగు దినములలో వాడుకొనవలెను.

ఇప్పుడు విద్యార్థులకు ఒక మాట. ఈ వంటను తెలుగున వ్రాయుటకు మాకు మాటలు కఱవు కాలేదు. నీరు కాగును, మరుగును, పాలు పొంగును, పప్పు ఉడుకును, వంకాయ వేగును, కూర ఇగురును. మూత క్రింద తన చెమ్మలోనే తాను మెత్తబడుట మగ్గుట. గడ్డిలో మామిడికాయను పండించుటకును మగ్గబెట్టుట యని వాడుక కలదు. రెండింటను మెల్లని వేడి, మూసిన చోటు, ఓపిక కావలెను. పరదేశపు పండునకు, నిన్న మొన్నటి యంత్రమునకు సరిగా అతికిన ఈ మాట మన అవ్వల వంటయింటిలో ఎప్పటినుండియో యున్నది. హోసూరు సీమలో మన పిల్లలు వీధిలో తమిళము, సంతలో కన్నడము, పరీక్షకు ఆంగ్లము నేర్చుచున్నారు, నేర్వవలసినదే. కాని మగ్గుట, ఇగురుట వంటి మాటలు ఏ పాఠ్యపుస్తకము నుండియు దొరకవు. ఇంటిలో పలికినంత కాలమే అవి నిలుచును. ఒక తరము పలుకకున్న మఱుసటి తరమునకు అందవు.

కావున ఈ సెలవులలో ఆపిల్ ముక్కలు వండుడు. పెద్దలు దగ్గఱ నుండగా వండుడు. వండునపుడు మీ యింటి అవ్వను అడిగి, సెగకును వంటకును సంబంధించిన తెలుగు మాటలు ఇరువది వ్రాసికొని రండు. వానిని వచ్చే సంచికలో మీ పేళ్లతో ప్రకటింతుము.