దాణా బస్తా మీది అంకెలు ఏం చెబుతాయి?

దాణా కొనేటప్పుడు మన సభ్యులలో చాలామంది చూసేవి రెండే: ధర, రంగు. బెల్లపు మడ్డి వాసన ఘుమఘుమలాడితే మంచి దాణా అని నమ్మేవారూ ఉన్నారు. మడ్డి కలిపితే ఊకకైనా ఆ వాసన వస్తుంది! పాడి ఖర్చులో పెద్ద వంతు మేతకు, దాణాకే పోతున్నది కనుక బస్తాకు కుట్టిన చీటీని చదవడం నేర్చుకోవలసిందే.

చీటీలో మొదట కనిపించేది ముడి మాంసకృత్తుల శాతం. 2009లో సవరించిన భారతీయ ప్రమాణం పశువుల మిశ్రమ దాణాలో ఇవి మొదటి రకానికి కనీసం 22, రెండవ రకానికి కనీసం 20 శాతం ఉండాలని నిర్దేశించింది. ఈ అంకెతో ధరను సరిచూడవచ్చు. లెక్క కోసం 50 కిలోల బస్తాలు రెండు తీసుకుందాం. 22 శాతం ఉన్న బస్తా రూ. 1,320 అనుకుంటే అందులోని మాంసకృత్తులు 11 కిలోలు, కిలోకు రూ. 120 పడింది. 16 శాతం బస్తా రూ. 1,120కే వచ్చినా అందులో ఉన్నవి 8 కిలోలే, కిలోకు రూ. 140 పడింది. చవక బస్తాయే ప్రియమైనదన్నమాట.

అయితే ఈ అంకెను గుడ్డిగా నమ్మరాదు. ప్రయోగశాలలో సాధారణంగా మాంసకృత్తులను నేరుగా కొలవరు. దాణాలోని నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చిస్తారు. నత్రజనిని కొలిచే ఈ పద్ధతిని డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు కెల్డాల్ 1883లో కనిపెట్టాడు. ఆ నత్రజని వేరుశనగ చెక్కదా, యూరియాదా అన్నది ఈ పరీక్షలో తేలదు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. 100 కిలోల దాణాలో ఒక్క కిలో యూరియా కలిపితే చీటీ మీద దాదాపు 2.9 శాతం మాంసకృత్తులు పెరిగినట్లు కనిపిస్తాయి. అంటే 22 అని రాసినదాంట్లో చెక్కల నుండి, గింజల నుండి వచ్చింది 19 శాతమే కావచ్చు.

యూరియా విషమని మేము అనడం లేదు. నెమరువేసే పశువు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దానిని మాంసకృత్తులుగా మార్చుకోగలవు. అందుకు శక్తినిచ్చే పిండి పదార్థం తోడుండాలి, మోతాదు మించకూడదు. పొట్ట ఇంకా ఎదగని దూడలకు మాత్రం యూరియా కలిసిన దాణా పెట్టరాదు. అందుకే యూరియా ఎంత కలిపారో అమ్మేవారిని అడగండి. చెప్పడానికి వెనుకాడితే ఆ దాణా కొనకండి.

ఇక శక్తి సంగతి. దీనిని జీర్ణమయ్యే మొత్తం పోషకాలుగా లెక్కిస్తారు. చీటీలో ఆ అంకె లేకపోతే పీచు, ఆమ్లంలో కరగని బూడిద చూడండి. ఈ రెండూ ఎక్కువైతే శక్తి తక్కువని అర్థం. తవుడులో ఊక కలిపినా, దాణాలో ఇసుక చేరినా ఇక్కడే బయటపడుతుంది. ఇంట్లో చూడాలంటే పిడికెడు దాణాను గాజు గ్లాసు నీళ్ళలో వేసి కలిపి కాసేపు ఉంచండి. ఊక పైకి తేలుతుంది, ఇసుక అడుగుకు దిగుతుంది.

బూజు వాసన ఉన్న చెక్కను ఎంత చవకైనా తేవద్దు. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ పాలలోకి కూడా దిగుతుంది.

ఎన్ని పరీక్షలు చేసినా ఆఖరి తీర్పు పశువుదే. కొత్త దాణాను వారం పది రోజులలో కొంచెం కొంచెంగా మార్చి, సంఘం పుస్తకంలో పాల కొలత, వెన్న శాతం గమనించండి. పశువు పోషణకు ఇచ్చే దాణా గాక, గేదెకు 2 లీటర్ల పాలకు, ఆవుకు రెండున్నర లీటర్లకు కిలో చొప్పున ఇవ్వడం వాడుక. ఆ మోతాదులో మేపినా, పచ్చిమేత తగ్గకపోయినా పాలు పడిపోతే దాణాను అనుమానించవచ్చు. అప్పుడు నాలుగైదు బస్తాల నుండి, పైన, మధ్య, అడుగున కొంచెం కొంచెం తీసి కలిపి, అరకిలో నమూనాను పొడి సంచిలో కట్టి, బస్తా చీటీతో సహా పరీక్షకు పంపమని మీ సంఘ కార్యదర్శికి అప్పగించండి.