చిన్న ఇంజిన్‌కి ఎక్కువ థ్రస్ట్ ఎలా?

ఢిల్లీలో టెక్ ఫెస్ట్‌కి వెళ్తూ శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో గేటు దగ్గర కూర్చున్నాం. అద్దం అవతల ఒక ఎయిర్‌బస్ ఏ320 నియో, దాని పక్కనే ఒక బోయింగ్ 737 మ్యాక్స్. "ఎయిర్‌బస్ ఇంజిన్ పెద్దగా ఉంది కదరా, పవర్ దానికే ఎక్కువుంటుంది" అన్నాడు మా రూమ్మేట్. వాడు సీఎస్‌ఈ. నేను మెకానికల్, అయినా తలూపేశాను. తర్వాత అంకెలు చూస్తే ఇద్దరం తప్పే.

ఏ320 నియోకి పెట్టే ఇంజిన్లలో ఒకటి లీప్-1ఏ. మ్యాక్స్‌కి లీప్-1బి. రెండూ సీఎఫ్ఎం కంపెనీవే. మొదటి దాని ఫ్యాన్ వ్యాసం 78 అంగుళాలు, రెండో దానిది 69. కానీ టేకాఫ్ థ్రస్ట్ చూడండి: ఏ320 నియోలో సుమారు 27,100 పౌండ్లు, మ్యాక్స్ 8లో 29,300 వరకు. చిన్నదే ఎక్కువ తోస్తోంది! పైగా అదే 78 అంగుళాల ఫ్యాన్ ఏ321 నియోలో 32,000 పౌండ్లు ఇస్తుంది. అంటే థ్రస్ట్‌కీ సైజుకీ నేరుగా లంకె లేదు.

మరి పెద్ద ఫ్యాన్ ఎందుకు? పడవ నడిపేవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. వెడల్పు తెడ్డుతో నెమ్మదిగా తోసినా పడవ కదులుతుంది. సన్న కర్రతో అయితే చెయ్యి పడిపోయేదాకా గబగబా తొయ్యాలి. ఇంజిన్‌కీ అంతే. విమానం నిలబడి ఉందనుకుని లెక్కేద్దాం. థ్రస్ట్ అంటే సెకనుకి వెనక్కి నెట్టే గాలి ద్రవ్యరాశి ఇంటూ దాని వేగం. శక్తి ఖర్చులో మాత్రం వేగం వర్గమవుతుంది. గాలి రెట్టింపు చేసి వేగం సగం చేస్తే థ్రస్ట్ అంతే, శక్తి సగమే! పెద్ద ఫ్యాన్‌తో మిగిలేది ఇంధనం. లీప్-1ఏలో కోర్ బయటి నుంచి పోయే గాలి లోపలి గాలికి 11 రెట్లు, 1బిలో 9 రెట్లు.

అలాంటప్పుడు బోయింగ్ కూడా 78 పెట్టొచ్చుగా? పట్టదు. 1967లో మొదటిసారి ఎగిరిన 737ని సామాన్లు చేత్తో ఎక్కించుకునేలా నేలకి దగ్గరగా కట్టారు. అప్పటి ఇంజిన్లు సన్నగా గొట్టాల్లా ఉండేవి. 80ల్లో లావు ఇంజిన్ వచ్చేసరికి దాని తొడుగు అడుగుభాగాన్ని చదును చెయ్యాల్సొచ్చింది. మ్యాక్స్‌లో 69 అంగుళాల ఫ్యాన్ కోసమే ముందు చక్రం కాలు 8 అంగుళాలు పొడవు చేసి, ఇంజిన్‌ని రెక్కకి ముందుకీ పైకీ జరిపారు.

కథ ఇక్కడే మలుపు తిరిగింది. ముక్కు బాగా పైకి లేచినప్పుడు ఆ ఇంజిన్ తొడుగులే లిఫ్ట్ పుట్టించి ఇంకా పైకి లేపుతాయి. దాన్ని సరిదిద్దడానికి ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. 2018 అక్టోబర్‌లో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో అది తప్పుడు సెన్సర్ రీడింగ్ నమ్మి ముక్కుని పదేపదే కిందికి దించింది. రెండు విమానాల్లో కలిపి 346 మంది పోయారు.

ఇదంతా చెప్తే మా సీఎస్‌ఈ వాడు ముందు అడిగింది ఒక్కటే: "రీడింగ్ ఒక్క సెన్సర్ నుంచేనా తీసుకుంది?"

విమానానికి ఆ సెన్సర్లు రెండున్నాయి. ఎంకాస్ ఒకసారికి ఒకదాన్నే చూసేది.