పిల్లల పాటలో శ్లేష

శ్లేష అనగానే పింగళి సూరన ‘రాఘవపాండవీయము’ స్ఫురిస్తుంది. ఒకే పద్యం రామకథనూ, పాండవకథనూ పలకడం పండితులకు విందే. కాని ఆ విందు ఆరగించాలంటే ప్రక్కన వ్యాఖ్యాత ఉండాలి. పిల్లల శ్లేషకు వ్యాఖ్య పనికిరాదు; నవ్వు వివరణకోసం ఆగదు.

విజయనగరంలో గురజాడ 1910లో ‘ముత్యాల సరాలు’ కూర్చి, మూడు నాలుగు మాత్రల మిశ్రగతికి కొత్త వెలుగునిచ్చారు. ఆ నడకలో తరగతికోసం నేనల్లిన చిన్న గేయమిది:

‘ఆరు’ అంటే దీప మారెను,
‘ఏడు’ అంటే పాప యేడ్చెను,
‘నూరు’ అంటే అవ్వ గబగబ
నూరె పచ్చడి రోటిలో!

ఇందులో నిఘంటువు చూడవలసిన మాట ఒక్కటీ లేదు. పిల్లవాడు అంకెలు వల్లిస్తూంటే ఇల్లంతా వాటిని ఆజ్ఞలనుకున్నది. అదే హాస్యం.

ఇప్పుడు పాపకిచ్చిన ఆజ్ఞను వ్యాకరణం ప్రకారం ‘ఏడువుము’ అని దిద్ది చూడండి. భాష శుద్ధమైంది, నవ్వు ఆరిపోయింది! శ్రీముఖలింగం చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి వాదించినది ఇటువంటి జీవద్భాషకోసమే. పిల్లవాడు ఇంటి మాటతో బడికి వస్తాడు. దానిని గుమ్మం బయటే విడిచి రమ్మంటే, వాడు నవ్వడమే కాదు, నోరు విప్పడమే మానుకుంటాడు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు మనవి: గేయం చదివి ఊరుకోండి. ముందు ఒకడు నవ్వుతాడు; రెండో అర్థం వాడే ప్రక్కవాడికి చెబుతాడు. ఆపైన ‘కాలు’, ‘పాలు’ వంటి మాటలిచ్చి వాళ్లనే అల్లమనండి. దీనిని ఆలంకారికులు శ్లేషవక్రోక్తి అన్నారని ఆ తరువాత చెప్పినా ఆలస్యం కాదు.